ఉప్పు వేయని పేలాలు

మా అక్కని సినిమా హాల్లో అందరూ పేలాలక్క అనేవారు. అసలు పేరు పెట్టి పిలిచేది మేనేజరొక్కడే, అదీ తిట్టాల్సి వచ్చినప్పుడు. మొదటి అంతస్తులో మెట్ల పక్కన, గాజుపెట్టె వెనకాల నిలబడి, ఇరవై రెండేళ్లు పాప్‌కార్న్ చేసి అమ్మింది. అదే హాల్లో నేను గేటు దగ్గర టికెట్లు చింపుతాను. ఆ ఉద్యోగం వేయించింది కూడా అక్కే. అక్కకీ బావకీ పిల్లల్లేరు. మా అమ్మ పోయాక పదేళ్లవాణ్ణి నన్ను తెచ్చుకుని పెంచారు. పెంచినందుకు నేనేం చేశానో చెప్తాను, వినండి.

ముందు ఆవిడ పనితనం చెప్పాలి. పాప్‌కార్న్ చెయ్యడం ఏమంత బ్రహ్మవిద్య అంటారు జనం. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అక్క ముందు నూనెలో మూడంటే మూడే గింజలు వేసి కాచుకుని ఉంటుంది. ఆ మూడూ పేలాకే మిగతావి వేస్తుంది. మూత పూర్తిగా పెట్టదు, ఆవిరి పోవడానికి సందు వదులుతుంది, లేకపోతే పేలాలు తోలులా సాగుతాయి. తర్వాత చెవి ఒగ్గి వింటుంది. ఒక చప్పుడికీ ఇంకో చప్పుడికీ మధ్య రెండు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ రాగానే దించేస్తుంది. అడుగున పేలని మొండిగింజలు నాలుగైదు మిగులుతాయి. "ఎంత మంట పెట్టినా మారని రకాలురా ఇవి, నీలాగే" అనేది నాతో. ఇరవై రెండేళ్లలో ఒక్క సినిమా పూర్తిగా చూసింది లేదు. ఇంటర్వెల్లు ఎప్పుడొస్తుందో మాత్రం తలుపుల వెనకనించి వచ్చే పాటని బట్టి చెప్పేసేది.

గింజలతో పాటు నూనెలో ఒక చెంచా పసుప్పచ్చటి పొడి పడుతుంది. పెద్ద డ్రమ్ములో వస్తుంది, దాని మీద రాతా గీతా ఏమీ ఉండదు. హాల్లో అందరం దాన్ని రంగు అంటాం. పాప్‌కార్న్‌కి ఆ పచ్చదనం, హాలంతా కమ్ముకునే వెన్న వాసన దాంతోనే వస్తాయి. ఉప్పు వేరు. ఉప్పు చిల్లుల మూత సీసాలో ఉంటుంది, అడిగినవాళ్ళకి పైన చల్లి ఇస్తుంది. మా పాత ఆపరేటరు మాకు అలాగే చెప్పాడు, మేమూ కొత్తవాళ్ళకి అలాగే చెప్పాం.

ఆ పొడి గాలిలో తేలుతూనే ఉంటుంది. అక్క కనుబొమ్మల మీద, పెదాల మీద, చీర కుచ్చిళ్ళ మీద ఎప్పుడూ సన్నగా పేరుకుని ఉండేది. షో అయ్యాక మిగిలింది మేమే తినేవాళ్ళం. అలా తిని తిని మా ఇద్దరి నాలుకలూ మొద్దుబారిపోయాయి. అక్క వంట తిన్న చుట్టాలు బిందెడు నీళ్ళు తాగి, ఇంకెప్పుడైనా వస్తామని చెప్పి, మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. నాకు మాత్రం ఆ కూరలు చక్కగానే ఉండేవి. వాళ్ళకే ఏదో రోగం అనుకునేవాణ్ణి.

ఇక బావ. బావ దర్జీ. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవాడు. ఒక మేడలో రెండో అంతస్తులో వాళ్ళ రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కిటికీ పక్కన మిషను. మెత్తని మనిషి. ఎంత మెత్తనంటే, ఇరవై ఆరేళ్ల కాపురంలో అక్క చేసింది ఏది తిన్నా "బాగుంది" అనే మాట తప్ప ఇంకోటి ఆయన నోట రాలేదు. ఒకసారి అక్క పొరపాటున కూరలో రెండుసార్లు ఉప్పు వేసిందట. ఆయన నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, బాగుందన్నాడు. "బావా, నీకు విషం పెట్టినా బాగుందనే అంటావు" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన ఏడాది బడులు తెరిచే రోజుల్లో బావ కాలు మిషను తొక్కడం మానేసింది. పాదం వాచి చెప్పులో పట్టలేదు. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్తే గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి. అది చేసే పెద్ద డాక్టరు వేరే ఊరినుంచి మూడు నెలలకోసారి వస్తాడు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున వస్తున్నాడు. ఈలోగా ఒంట్లో చేరిన నీరు దిగాలి. అరవై ఆరు కిలోలున్న మనిషి అరవై రెండుకి రావాలి. వస్తే బల్ల మీదకి, లేకపోతే మూడు నెలలు ఆగాలి. అన్నాళ్ళు ఆగే గుండె కాదది అని అక్కడి డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. అక్క మెట్ల మలుపులో నిలబడి అదీ వింది.

ఏం తినాలో చెప్పడానికి ఆసుపత్రిలో ఒక డైటీషియన్ అమ్మాయి ఉండేది. కాగితం మీద రాసిచ్చింది. ఉప్పు చిటికెడు కూడా వద్దు, నీళ్ళు కొలిచి తాగాలి, రోజూ పొద్దున్నే తూకం చూసి పుస్తకంలో రాయాలి. "అలాగని పస్తులుంచకండి. తినకపోతే నీరసించిపోతారు, అప్పుడూ ఆపరేషన్ చెయ్యరు" అంది.

అక్క బిక్కుబిక్కుమంటూ అడిగింది. "పాప్‌కార్న్ పెట్టచ్చా అమ్మా? నాకు బాగా చెయ్యడం వచ్చింది అదొక్కటే."

తిడుతుందనుకున్నాం. ఆ అమ్మాయి నవ్వింది. "హాళ్ళలో అమ్మేది వద్దు. ఇంట్లో చేసుకుంటే భేషుగ్గా పెట్టండి. గింజ పొట్టుతో సహా తింటాం, పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది. ఒక చెంచా నూనె చాలు. ఉప్పు మాత్రం వెయ్యకండి. ప్యాకెట్లలో వచ్చే వాటికన్నా వంద రెట్లు నయం."

ఆటోలో వస్తున్నంతసేపూ అక్క అదే మాట. "ఇన్నేళ్లూ జనానికి చెత్త పెట్టాననుకున్నానురా. చెత్త కాదట. గింజలో తప్పేం లేదట." మర్నాడే హాలు పని మానేసింది. ఇంట్లో ఉన్న ఉప్పు డబ్బా తీసి నా చేతికిచ్చి పారబొయ్యమంది.

మొదటి వారం బాగానే గడిచింది. తూకం అరవై నాలుగున్నరకి దిగింది. బావ దర్జీ కదా, తూకం ఒక్కటీ చాలదని, టేపు తీసుకుని రెండు చీలమండల కొలతా తీసుకునేవాడు. బట్టల మీద గీసే సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. రోజుకింత తగ్గుతుంటే, "నన్ను కురచ చేసేస్తున్నారు, నడుం దగ్గర కుట్టు వేయించుకోవాలి" అనేవాడు. అక్క గట్టిగా నవ్వేది.

కానీ తిండి లోపలికి పోలేదు. ఉప్పు లేని అన్నం నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. అక్క ఇనప మూకుడులో పేలాలు చేసి పెడితే ఐదారు నమిలి, "తర్వాత తింటాలే" అని గిన్నె పక్కన పెట్టేవాడు. సాయంత్రానికి మెత్తబడిపోయిన వాటిని అక్క వంటింట్లో నిలబడి తినేది. మనిషి నీరసంతో గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అక్క నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "నీరు తగ్గించబోతే ప్రాణం తగ్గిపోయేలా ఉందిరా. ఏం పెట్టను? ఏం పెడితే తింటారు?"

అప్పుడు నేను నోరు తెరిచాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "కాస్త రంగు వేసి చూడు అక్కా. హాల్లో లాంటి వాసన వస్తుంది. ఆ వాసనకైనా తింటాడు."

అక్క ఆలోచించింది. "ఉప్పు కాదు కదా. రంగుకేం తప్పుంది?" అంది.

మర్నాడు మందుల డబ్బా ఒకటి కడిగి, హాల్లో డ్రమ్ములోంచి నిండా రంగు తెచ్చిచ్చాను. అక్క చెంచాడు వేసి చేసింది. దించగానే నోట్లో రెండు వేసుకుని చూసింది, నాకూ పెట్టింది. "ఉప్పుందా?" అని అడిగింది. ఇద్దరం నమిలి చూశాం. లేదు. ఇద్దరం ప్రమాణపూర్వకంగా లేదనుకున్నాం.

బావ మొదటిది నోట్లో వేసుకుని ఒక్క క్షణం ఆగాడు. అక్క మొహం వైపు చూశాడు. తర్వాత గిన్నె ఒళ్ళోకి లాక్కుని అడుగు కనిపించేదాకా తిన్నాడు. "బాగుంది" అన్నాడు. ఇన్నాళ్ల తర్వాత మనిషి కడుపునిండా తినడం చూసి అక్క వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజునుంచి పొద్దునొక మూకుడు, సాయంత్రమొక మూకుడు. వారం వారం నేను డబ్బా నింపి తెచ్చేవాణ్ణి.

తూకం ఆగింది. తర్వాత పెరిగింది. అరవై ఐదు, అరవై ఆరు. గోడ మీద సుద్ద అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. నాకు అనుమానం వచ్చి ఒక పొద్దున బావ కొలుచుకుంటుంటే పక్కన నిలబడ్డాను. టేపుని బిగించి లాగుతున్నాడు. తీశాక కాలి చుట్టూ గాడి పడి ఉంది, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్లు ఊళ్ళో పిల్లలందరికీ వదులుగా కొలతలు తీసిన మనిషి తన కాలికి మాత్రం దొంగకొలత తీసుకుంటున్నాడు.

ఆసుపత్రికి చూపించడానికి వెళ్తే డైటీషియన్ తూకాల పుస్తకం చూసి అక్కని కడిగేసింది. "ఎక్కడో ఉప్పు పడుతోందమ్మా. ఇంత నీరు ఊరికే చేరదు. ఎవరు పెడుతున్నారు?"

"మా ఇంట్లో ఉప్పు రవ్వ కూడా లేదమ్మా, నా మీద ఒట్టు" అంది అక్క.

ఇంటికొచ్చి ఇల్లంతా గాలించాం. దిండు కింద, గుడ్డల మూటల్లో, మిషను సొరుగులో. దారం ఉండలు, బొత్తాలు తప్ప ఏమీ లేవు. అక్క మంచం పక్కన నేల మీద కూలబడింది. "నా మొహం చూసి చెప్పండి. దొంగతనంగా ఏం తింటున్నారు? నేను మీ కోసం చస్తుంటే మీరు నాకు తెలీకుండా ఏం తింటున్నారు?"

బావ గోడ వైపు తిరిగాడు. నాకు తిక్క రేగింది. "సిగ్గులేదా బావా? నోరు కట్టుకోలేవా నాలుగు వారాలు? అక్క మొహం చూడు, ఎలా అయిపోయిందో. నీకు చావాలని ఉంటే చెప్పు, అక్కని చంపకు."

బావ తల దించుకుని అన్నాడు. "కింద కొట్లో చిప్స్ తెచ్చుకున్నాను. ఇక తినను."

నమ్మేశాను. మంచం మీదనుంచి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగే మనిషి, రెండంతస్తులు దిగి కొట్టుకెళ్ళి ఎలా ఎక్కి వచ్చాడని నా మట్టిబుర్రకి తట్టలేదు. అక్కకీ తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి సాక్ష్యం అక్కర్లేదు, ఒప్పుకునేవాడు దొరికితే చాలు. ఆ రోజునుంచి అక్క గుమ్మానికి బయట తాళం వేసుకుని సరుకులకి వెళ్ళేది. చిప్స్ మీదకి మనసు పోకుండా ఉండాలని పేలాలు ఇంకాస్త ఎక్కువ చేసింది.

పదిహేడో తారీఖు పొద్దున బావ పడుకోలేకపోయాడు. కూర్చుంటేనే ఊపిరి. పెదాలు నల్లబడ్డాయి. నేనూ పక్కింటి మేస్త్రీ కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపాం. తూకం అరవై తొమ్మిది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం, చేతికి సూది పెట్టారు. అక్క మంచం కమ్మీ పట్టుకుని, "ఇంకా మూడు రోజులుంది కదా, మూడు రోజుల్లో దిగుతుంది కదా" అని కనిపించిన ప్రతి నర్సునీ అడిగింది. ఎవరూ అవుననలేదు.

మర్నాడు మధ్యాహ్నం డైటీషియన్ వచ్చింది. అక్క సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. ఆసుపత్రి తిండి ముట్టడం లేదని పొద్దున్నే ఇంటికెళ్ళి చేసుకొచ్చింది పాపం. "ఇదొక్కటే తింటున్నారమ్మా. మీరు చెప్పినట్టే చేస్తున్నాను. కావాలంటే మీరే తిని చూడండి, ఉప్పు నలుసు కూడా లేదు."

ఆ అమ్మాయి రెండు తీసి నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది.

"ఇందులో ఏం వేశారు?"

"నూనె, గింజలు. వాసనకి కొంచెం రంగు."

"ఏం రంగు? తీసుకురండి."

నేను పరిగెత్తాను. వెళ్తున్నంతసేపూ, రంగుకేం, రంగే కదా, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. డబ్బా తెచ్చిచ్చాను. ఆ అమ్మాయి వేలు తడిచేసుకుని, అద్దుకుని, నాలిక్కి తగిలించింది. వెంటనే మొహం చిట్లించింది. కోప్పడుతుందనుకున్నాను. చాలా మెల్లగా చెప్పింది. "అమ్మా, ఇది ఉప్పే. పిండిలా నూరిన ఉప్పు. దానికి రంగూ వాసనా పట్టించారు, అంతే."

అక్కకి అర్థం కాలేదు. వేలు డబ్బాలో పెట్టి నాలుక మీద రాసుకుంది. మళ్ళీ రాసుకుంది. చిటికెడు తీసి నోట్లో పోసుకుంది. తర్వాత గుప్పెడు. పెదాల చుట్టూ పచ్చగా అంటుకుంది, కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకు తెలియడం లేదురా" అంది నాతో. "నాకేమీ తెలియడం లేదు." నేను ఆవిడ చేతిలోంచి డబ్బా లాక్కున్నాను.

బావ గొట్టం పక్కకి జరుపుకున్నాడు. "నీకు తెలుసనుకున్నాను" అన్నాడు.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. "మొదటి రోజే తెలిసింది నాకు. ఉప్పు కాస్త ఎక్కువే ఉంది. జాలిపడి వేసిందనుకున్నా. తినకపోతే పోతానని భయపడి వేసి, బయటికి చెప్పుకోలేక లేదంటోంది అనుకున్నా. డాక్టర్ల ముందు దాన్నెలా పట్టిస్తానురా?"

"మరి చిప్స్ తిన్నానని ఎందుకు చెప్పావు?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"ఏదో ఒకటి తిన్నట్టు చెప్పాలిగా, అది ఊరుకోవాలంటే."

ఇరవయ్యో తారీఖున పెద్ద డాక్టరు వచ్చాడు. కాగితాలు చూసి, కాళ్ళు నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు. అక్క వరండాలో ఆయనకి అడ్డంపడింది. "ఆయన తప్పేం లేదు బాబూ, నేను పెట్టాను, నా చేత్తో నేనే పెట్టాను. నన్ను ఏమైనా చెయ్యండి, ఆయనకి ఆపరేషన్ చెయ్యండి." ఆయన చెడ్డవాడు కాదు. నిలబడి విన్నాడు. "ఈ నీటితో బల్ల ఎక్కిస్తే దిగడమ్మా. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం. అప్పటిదాకా కాపాడుకో" అని వెళ్ళిపోయాడు.

సగం నీరు దిగాక ఇంటికి పంపారు. మళ్ళీ ఆ డాక్టరు రావడానికి ఎనభై రెండు రోజులుంది. నేను హాల్లో డ్రమ్ము మీద సుద్దతో ఉప్పు అని పెద్దక్షరాలతో రాశాను. మేనేజరు తుడిపించాడు. మళ్ళీ రాశాను. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రంగు వెయ్యమన్నది నేను, తెచ్చిచ్చింది నేను, నిలబెట్టి తిట్టింది నేను. బావ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే, "నువ్వు టికెట్లు చింపడానికి తప్ప దేనికీ పనికిరావురా బామ్మర్దీ" అని నా తల మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చిన మర్నాడు సాయంత్రం మళ్ళీ తిండి దగ్గర గొడవ. అన్నం రెండు ముద్దలు తిని ఆపేశాడు. అక్క లేచి వంటింట్లోకెళ్ళింది. మూకుడు మూడుసార్లు కడిగింది. కొత్త ప్యాకెట్టు గింజలు నీళ్ళలో కడిగి, గుడ్డతో అద్ది, ఆరబెట్టింది. ఒక చెంచా నూనె. మూడు గింజలు. చెవి ఒగ్గి విని దించింది. ఇంతా చేసి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"నువ్వు చూశావుగా, ఏమీ వెయ్యలేదుగా" అంది.

"వెయ్యలేదక్కా. పక్కనే ఉన్నాను."

"నా చెయ్యి నాకు తెలీకుండా వేసిందేమో. ఇరవై రెండేళ్ల అలవాటురా." ఒకటి నోట్లో వేసుకుంది. నాకొకటి పెట్టింది. నమిలాను. నా నాలుకకి అది కాగితం ముక్క. రంగు వేసినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ ఇంట్లో రుచి తెలిసిన నాలుక ఒక్కటే ఉంది.

అక్క మంచం పక్కన కూర్చుని ఒక పేలం బావ నోట్లో పెట్టింది. "ఉప్పుందా?"

బావ నమిలాడు. జవాబు చెప్పేముందు అక్క మొహం వైపు చూశాడు. నేను చూశాను. అక్కా చూసింది. ఇరవై ఆరేళ్లుగా ఆయన అలాగే చూసి అలాగే చెప్తున్నాడని ఆవిడకి ఆ నిమిషంలో తెలిసినట్టుంది.

అక్క అరచేత్తో ఆయన కళ్ళు మూసేసింది.

"నా మొహం చూసి చెప్పకండి. ఉన్నది చెప్పండి. మీకు దణ్ణం పెడతాను, ఉన్నది చెప్పండి."

చెయ్యి కింద ఆయన పెదాలు కాసేపు ఊరికే కదిలాయి. "చప్పగా ఉంది" అన్నాడు. "ఏం బాగాలేదు."

అక్క చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ఇంకోటి పెట్టింది. "ఇది?"

"ఇదీ బాగాలేదు."

"ఇది?"

"బాగాలేదే."

గిన్నెలో ఇంకా సగానికి పైగా ఉన్నాయి. అక్క కళ్ళనుంచి నీళ్ళు గడ్డం మీదుగా కారి గిన్నెలో పడతాయేమోనని నేను గిన్నె పక్కకి జరిపి పట్టుకున్నాను. అందులోంచి ఒక్కొక్కటే తీసి పెడుతూ, ఒక్కొక్కదానికీ అడుగుతూనే ఉంది.